మనసు బాగోలేని సభ్యురాలు కూడా మన సభ్యురాలే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు ముందు మాట్లాడినవాళ్ళు చదివారు. మాకు ఇచ్చిన అంశం వేరు. ప్రతి గురువారం మధ్యాహ్నం సమాఖ్య భవనం వెనక గదిలో మేము కొంతమందిమి కూర్చుంటున్నాము. దాని గురించి చెప్పమన్నారు. "ఆ గదిలో తలుపేసుకుని ఏటి చేస్తన్నారు మీరు?" అని చాలామంది అడుగుతున్నారు. "పిచ్చోళ్ళ గది" అని కొంతమంది అంటున్నారని కూడా మా చెవిన పడింది. మాకేమీ కోపం లేదు. ఎందుకంటే ఆ మాట అన్నవాళ్ళలో ఒకామె రెండు వారాల తర్వాత తన కూతుర్ని తీసుకుని అదే గదికి వచ్చింది.

మనసుకి వచ్చే జబ్బుల గురించి మనకి తెలీదు అనుకుంటాం గానీ, పేర్లు మన దగ్గర బోలెడున్నాయి. మనసు బాగోలేదు అంటాం. ఆలోచన ఎక్కువైపోయింది అంటాం. గుండె దడ, నిద్దర్లేదు, ఒళ్ళంతా నీరసం అంటాం. గాలి సోకింది, ఎవరో ఏదో చేయించారు అంటాం. బాలింతకి వస్తే పెద్దవాళ్ళు సన్ని అనేవారు. ఇన్ని పేర్లు పెట్టుకున్న మనుషులకి ఆ జబ్బు తెలీకపోవడం ఏమిటి? తెలుసు. బయటికి చెప్పుకోవడమే లేదు. పిల్లకి సంబంధాలు రావనో, మొగుడు వదిలేస్తాడనో, సంఘంలో అప్పు ఇవ్వరనో లోపల దాచుకుంటున్నాము. ఈ చివరిది మన చేతిలో ఉన్న పని కాబట్టి దాని గురించి తర్వాత గట్టిగా మాట్లాడతాము.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో ఒక పెద్ద సర్వే చేశారు. మన రాష్ట్రం అందులో లేదు గానీ పక్కనున్న తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి ఏ వైద్యమూ అందడం లేదని కూడా తేలింది. మన సంఘంలో ఎంతమంది ఉంటాము? పది మంది. అంటే లెక్క ప్రకారం సంఘానికి ఒకరు. ఈ హాల్లో మీ సంఘం వాళ్ళు ఎవరెవరు వచ్చారో ఒకసారి చూసుకోండి. ఆ ఒకరు ఎవరు అని వెతకమని కాదు. మన మధ్యే ఉన్నారు, ఎక్కడో లేరు అని చెప్పడానికి.

ఇంక ఈ గది సంగతి. ఇది మేము కనిపెట్టింది కాదు. వేరే చోట్ల మనలాంటివాళ్ళు చేశారని శిక్షణలో విన్నాము, మాలో ఫోనులో చదివినవాళ్ళు చదివారు.

ఆఫ్రికాలో జింబాబ్వే అని ఒక దేశం. ఆ దేశం మొత్తానికి మనసు డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ళలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు దగ్గరికి ఎరికా అని ఒక అమ్మాయి వైద్యానికి వచ్చేది. 2005లో ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. డాక్టరు వాళ్ళ అమ్మని "ముందే ఎందుకు తీసుకురాలేదమ్మా" అని అడిగితే, మీ ఊరికి రావడానికి బస్సు చార్జీ 15 డాలర్లు మా దగ్గర లేవు అని చెప్పిందట. ఆ మాట విన్నాక ఆ డాక్టరు ఆసుపత్రిలో కూర్చుని ఎదురుచూస్తే లాభం లేదనుకున్నాడు. 2006లో హరారే పట్నంలో ఎంబారే అనే పేదల పేటలో 14 మంది అమ్మమ్మలకి, నాయనమ్మలకి శిక్షణ ఇచ్చాడు. క్లినిక్కులో గదులు ఖాళీ లేవు. అందుకని బయట చెట్టు కింద ఒక చెక్క బల్ల వేశారు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని పేరు. స్నేహం బల్ల అనుకోండి.

ఆ అవ్వలు ఏం చేస్తారు? ముందు వింటారు. వాళ్ళ భాషలో దానికి మనసు తెరవడం అనే అర్థమొచ్చే పేరు ఉంది. తర్వాత వచ్చిన మనిషి చెప్పిన పది కష్టాల్లో ముందు దేన్ని పట్టుకుందామో ఆ మనిషి చేతే చెప్పిస్తారు. దానికి ఈ వారం చెయ్యగల పని ఒకటి అనుకుని పంపిస్తారు. మళ్ళీ రమ్మంటారు. అంతే. ఇది పని చేస్తుందా లేదా అని పెద్ద పరిశోధన చేసి 2016లో ఫలితాలు అచ్చువేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవాళ్ళలో నూటికి 50 మందికి దిగులు ఇంకా ఉంది. బల్ల మీద కూర్చున్నవాళ్ళలో 14 మందికే ఉంది. ఇంకో సంగతి మాకు బాగా నచ్చింది. అక్కడి వాళ్ళు ఈ జబ్బుని పిలిచే మాటకి అర్థం "ఎక్కువగా ఆలోచించడం" అట. మన "ఆలోచన ఎక్కువైపోయింది" లాంటిదే. బల్ల మీద బాగుపడ్డ ఆడవాళ్ళు తర్వాత గుంపుగా కలుసుకుని, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లి అమ్ముకుంటారు. సముద్రాల అవతల కూడా మన సంఘమే కనబడుతోంది.

మన దేశంలో చూస్తే గుజరాత్‌లో మెహసాణా జిల్లాలో ఒక పని జరుగుతోంది. దాని పేరు ఆత్మీయత. మన మాటే. అంతకుముందు మహారాష్ట్రలో నాసిక్ జిల్లా పల్లెల్లో మొదలైంది. ఊళ్ళో నలుగురూ నమ్మే మనిషిని తీసుకుని శిక్షణ ఇస్తారు. వాళ్ళు దిగులుగా ఉన్నవాళ్ళ ఇంటికి నాలుగైదు సార్లు వెళ్ళి మాట్లాడతారు, జబ్బు ముదిరినట్టుంటే ఆసుపత్రికి పంపిస్తారు, పెన్షనూ కార్డూ రావలసి ఉంటే అవి వచ్చేలా చూస్తారు. మనకి దగ్గరగా, పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు స్మార్ట్ మెంటల్ హెల్త్ అని చేశారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నిద్ర ఎలా ఉంది, దిగులు ఎలా ఉంది అని అడిగి, అవసరమైనవాళ్ళని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. దాంతోపాటు ఊళ్ళలో నాటకం ఆడించారు, జబ్బు పడిన మనిషి తన గురించి తానే మాట్లాడిన వీడియో చూపించారు.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. తన గురించి తానే మాట్లాడటం.

పుణెలో భార్గవి దవర్ అని ఒకావిడ ఉండేవారు. 2024లో పోయారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ అమ్మని పిచ్చాసుపత్రుల్లో పెట్టడం కళ్ళారా చూశారు. పెద్దయ్యాక అమ్మ పేరుతోనే 1999లో బాపు ట్రస్ట్ పెట్టి, పుణె మురికివాడల్లో పని చేశారు. జబ్బు అనుభవించినవాళ్ళ మాటకే మొదటి చోటు ఇవ్వాలి, వాళ్ళని తీసుకెళ్ళి ఎక్కడో మూసిపెట్టకూడదు అని దేశాలు తిరిగి వాదించారు. మూసిపెడితే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడిలో ఒక పాకలో నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు గనుక పారిపోలేకపోయారు. ఇప్పుడు 2017 చట్టం ప్రకారం మానసిక జబ్బున్న మనిషిని గొలుసుతో కట్టడం నిషేధం. ఏ గుడి దగ్గరైనా, ఏ స్వామి దగ్గరైనా సరే.

మేము గురువారం గది మొదలుపెట్టినప్పుడు అందుకే ఒక సంగతి గట్టిగా అనుకున్నాము. గదిని నడిపేది ఈ దారిలో నడిచి వచ్చినవాళ్ళే. మా గుంపులో డాక్టరు చీటీ మీద మందులు వాడినవాళ్ళు ఉన్నారు, ఇప్పటికీ వాడుతున్నవాళ్ళు ఉన్నారు. కొడుకుకి జబ్బు వస్తే ఏళ్ళ తరబడి చూసుకుంటున్న తల్లి ఉంది. వీళ్ళే కూర్చుంటారు. మిగతావాళ్ళం టీ పెడతాం, చంటిపిల్లల్ని ఆడిస్తాం, రిజిస్టరు చూస్తాం. ఒక అధికారి మాతో "జబ్బున్నవాళ్ళకి జబ్బున్నవాళ్ళు ఏం చెప్తారమ్మా" అన్నారు. అప్పుడు మేము వికలాంగుల సంఘాల సంగతి గుర్తు చేశాము. వెలుగు కాలంలో వికలాంగులకి వేరే సంఘాలు కట్టి, మండల వికలాంగుల సమాఖ్యలు పెట్టినప్పుడూ ఇదే మాట అన్నారు. సర్టిఫికెట్టు కోసం ఎక్కడికెళ్ళాలి, ఏ కాగితం పట్టుకెళ్ళాలి, ఏ రోజు క్యాంపు, ఇవన్నీ వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు కదా. చదువు విషయం అడిగితే మేము చదివింది పదో తరగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన రోశమ్మ గారిని ఏ డిగ్రీ చదివావని ఎవరూ అడగలేదు.

గదిలో ఏం జరుగుతుందంటే, చాప వేసి ఉంటుంది. కుర్చీలు వద్దనుకున్నాము. కుర్చీ వేస్తే ఒకరు అధికారి, ఒకరు అర్జీదారు అయిపోతారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా, ఆ మధ్య టైము పెట్టాము. ఉపాధి పనికి వెళ్ళినవాళ్ళు కూడా అప్పటికి తిరిగొస్తారు. జీడిపప్పు పనికి వెళ్ళేవాళ్ళకి ఆ టైము కుదరదు. వాళ్ళ కోసం ఆదివారం కూడా తెరవమని అడుగుతున్నారు, ఇంకా తేల్చుకోలేదు.

వచ్చిన మనిషి పేరు రిజిస్టరులో రాయము. ఇంతమంది వచ్చారు అని అంకె మాత్రం వేస్తాము. మన సంఘంలో మినిట్స్ పుస్తకం రాయకపోతే సీసీ గారు ఊరుకోరు. కానీ ఈ గదికి మినిట్స్ లేవు. ఈ విషయం మీద ఏపీఎం సారుతో కాస్త వాదించవలసి వచ్చింది. సారు ఒప్పుకున్నందుకు ఈ సభలో ధన్యవాదాలు.

మాటల్లో కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. "అందరికీ ఉంటాయి కష్టాలు" అనకూడదు. అది నిజమే, కానీ ఆ మాట విన్న మనిషి నోరు మూసుకుంటుంది. "నీకేం లోటు, ఇల్లుంది, బిడ్డలున్నారు" అనకూడదు. "దేవుడి మీద భారం వెయ్యి" అని మనంతట మనం అనకూడదు, ఆమె అంటే వింటాము. ముడుపు కట్టుకుంటామంటే, నూకాలమ్మకి మొక్కుకుంటామంటే మేము వద్దనము. మేమూ మొక్కుతాము. కానీ ఎవరైనా మందు ఆపెయ్యమంటే మాత్రం ఒప్పుకోము. మేము మందు ఇవ్వము, మందు మార్చము, నా మాత్ర నీకు పనికొస్తుందని చెప్పము. అది డాక్టరు పని. నిద్ర మాత్రలు చేతులు మారడం మన ఊళ్ళలో ఉన్న సంగతే. మా గదిలో అది జరగదు.

మరి మీరు చేసేదేమిటి అంటే, పక్కన కూర్చోవడం. "నాకూ అలాగే అయింది, ఆరు నెలలు పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు, మందు మొదలెట్టాక మూడు వారాలకి కాస్త తెలిసింది" అని ఒకామె చెప్తే, వినే ఆమె ముఖం మారుతుంది. డాక్టరు చెప్తే అది సలహా. అదే మంచం మీద పడుకుని లేచినామె చెప్తే అది కబురు. మందు పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుందనే ఒక్క ముక్క ముందే తెలిస్తే సగం మంది మధ్యలో ఆపరు. నాలుగు రోజులు వేసుకుని తల తిరుగుతోందని ఆపేసేవాళ్ళని మేము ఎంతమందిని చూశామో.

ఇంకో కట్టుబాటు అన్నిటికన్నా కష్టమైనది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగడం. మొదట్లో మాకు నోరు రాలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. అలా పుట్టదని, అడిగితే ఆ మనిషికి బరువు దిగుతుందని శిక్షణలో చెప్పారు. అడుగుతున్నాము. అవును అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలము. ఇంటికి కూడా వెళ్తాము, నమ్మకమైన మనిషి ఒకరికి అప్పజెప్తాము. 14416 కి ఫోను చేస్తాము. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోండి. ప్రాణాపాయం అయితే 108.

పురుగుమందు విషయం చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. చెరకు, వరి, కూరగాయలు వేసే ప్రతి ఇంట్లో డబ్బా ఉంటుంది. చూరులోనో, గడ్డివాములోనో, మంచం కింద. చావాలనే ఆలోచన చాలాసార్లు కొద్ది సేపే గట్టిగా ఉంటుంది, ఆ కాసేపు చేతికి అందకపోతే మనిషి మిగులుతుంది. శ్రీలంకలో మరీ విషమైన మందుల్ని 1990లలో ఒకటొకటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. తమిళనాడులో కడలూరు జిల్లా పల్లెల్లో, చెన్నైలోని స్నేహ సంస్థ పెట్టిన లక్ష్మీ విజయకుమార్ గారు, ఊరి రైతులందరి మందులూ తాళాల పెట్టెలున్న ఒకే చోట పెట్టించి చూశారు. మన గ్రామ సంఘాలు ఎరువులు, విత్తనాలు కలిసి కొంటున్నాయి కదా. మందు డబ్బాలకి తాళం పెట్టె ఒకటి కలిసి కొనడం మనకి పెద్ద పనా? కనీసం మీ ఇంట్లో డబ్బా ఎక్కడుందో ఈ రోజు వెళ్ళి చూడండి. తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి.

ఇలాంటిది జరిగిన ఇంట్లో కేసు పెడతారనే భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏమంటుందంటే, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, వైద్యం చేయించాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టంలో పాత 309 సెక్షనే లేదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, అడుగుతారు. దానికి భయపడి గంట ఆలస్యం చెయ్యొద్దు.

డాక్టరు అవసరమైతే ముందు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తర్వాత నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. మరీ పెద్ద జబ్బైతే విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కాబట్టి ఎరికా వాళ్ళ అమ్మ కష్టం మనకి కొంత తీరింది. కానీ కూడా వచ్చే మగమనిషికి టికెట్టు ఉంటుంది, ఇద్దరి కూలి పోతుంది, పొద్దున్న బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రి అవుతుంది. చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఇలాంటివాళ్ళతో తోడు వెళ్ళడం మా గుంపు పనుల్లో ఒకటి. లైనులో నిలబడటం, చీటీ చదివి చెప్పడం, మళ్ళీ ఎప్పుడు రావాలో క్యాలెండరు మీద గుర్తు పెట్టడం. నలభై శాతం లేదా ఆ పైన వైకల్యం అని సర్టిఫికెట్టు వస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక జబ్బూ అందులోకి వస్తుంది. ఈ సంగతి తెలీక పెన్షనుకి అర్జీ పెట్టనివాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు.

ఇప్పుడు అప్పుల సంగతి. మనసు బాగోలేని సభ్యురాలిని సంఘంలో ఉంచుదామా తీసేద్దామా అనే మాట ఈ ఏడాది మన గ్రామ సంఘాల్లో చాలాసార్లు వచ్చింది. ఒక సంఘంలో ఒక చెల్లి వరసగా నాలుగు సమావేశాలకి రాలేదు. పొదుపు కట్టలేదు, వాయిదా కట్టలేదు. మిగతావాళ్ళ బాధ కూడా న్యాయమైనదే. ఒకరు కట్టకపోతే సంఘం గ్రేడు పడిపోతుంది, పది మందికీ బ్యాంకులో లింకేజీ ఆగుతుంది. పిల్ల కాలేజీ ఫీజు కోసం ఆ అప్పు మీదే ఆశపెట్టుకున్న మనిషి ఉంది ఆ సంఘంలో. "జాలి పడితే బ్యాంకోడు ఊరుకుంటాడా?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకి "అయ్యో పాపం" అనేది జవాబు కాదు.

ఇద్దరు సభ్యులు ఆ చెల్లి ఇంటికి వెళ్ళారు. రెండో కానుపు అయి అయిదు నెలలు. మొగుడు విశాఖలో తాపీపనికి పోయాడు. పిల్లకి పాలు పట్టడం తప్ప ఇంకేమీ చెయ్యడం లేదు. దీపం పెట్టలేదు, తల దువ్వుకోలేదు, ఎవరితో మాట లేదు. అత్తగారు "బద్ధకం" అంది. వెళ్ళిన ఇద్దరిలో ఒకామెకి అది బద్ధకం కాదని తెలుసు, ఎందుకంటే ఆమెకి మొదటి కానుపు తర్వాత అదే జరిగింది. ఆశా అక్కని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. ఆ మధ్యలో సంఘం కూర్చుని ఒక పద్ధతి వేసుకుంది. ఆమె మూడు వాయిదాలు సంఘం సొంత నిధి నుంచి బ్యాంకుకి కట్టి, ఆ మొత్తం ఆమె పేర అంతర్గత అప్పుగా రాశారు. గైర్హాజరు జరిమానా వెయ్యలేదు. గ్రేడు పడలేదు. లింకేజీ వచ్చింది, ఆ పిల్ల కాలేజీ ఫీజూ కట్టారు. చెల్లి ఇప్పుడు ఆ అప్పు తీరుస్తోంది, వారం వారం గురువారం గదిలో చాప పరిచేది కూడా ఆమే. ఆమె అనుమతితోనే ఇది చెప్తున్నాము. పేరు, ఊరు చెప్పము.

అదే సమయంలో ఇంకో చోట ఇంకో సభ్యురాలిని సంఘం తీసేసింది. తీసేశాక ఆమె ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళ దగ్గర వారం వడ్డీకి తీసుకుంది. వాళ్ళు ఇంటి ముందు కూర్చున్నారు. మనకి కొత్త కథ కాదు ఇది. 2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్సు వేధింపులకి ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవలసి వచ్చిందో పెద్దవాళ్ళకి గుర్తుంది. మనసు బాగోలేని ఆడమనిషిని సంఘం నుంచి బయటికి పంపిస్తే ఆమె వెళ్ళేది అటే. ఆమె ఇప్పుడు మా గదికి వస్తోంది. సంఘంలో తిరిగి చేర్చుకోమని అడిగాము, వాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ సంఘం వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నిందించడానికి చెప్పడం లేదు. వాళ్ళ నిధి చిన్నది, మూడు వాయిదాలు మొయ్యగల సత్తా ఆ సంఘానికి లేదు. అందుకే ఇది ఒక్కో సంఘం తేల్చుకోవలసిన పని కాదు, సమాఖ్య పట్టించుకోవలసిన పని అంటున్నాము.

మేము పెడుతున్న తీర్మానంలో ఇలా ఉంది. డాక్టరు చీటీ ఉన్నా, లేదా సంఘంలో ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్ళి చూసి చెప్పినా, జబ్బుతో రాలేకపోయిన సభ్యురాలికి ఆరు నెలల దాకా గైర్హాజరు జరిమానా ఉండకూడదు, పేరు కొట్టెయ్యకూడదు. మూడు వాయిదాల వరకు సంఘం నిధి చాలకపోతే గ్రామ సంఘం, అదీ చాలకపోతే మండల సమాఖ్య చేబదులు ఇవ్వాలి. ఆ చీటీ మీద జబ్బు పేరు సమావేశంలో చదవకూడదు. ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషికి ఆ రోజు కూలి సమాఖ్య ఇవ్వాలి, ఎంతనేది మీరే తేల్చండి. కూలి ఇస్తే దొంగ ప్రయాణాలు పెరుగుతాయని కోశాధికారి గారు అనుమానపడుతున్నారు. ఓపీ చీటీ నకలు పెట్టమంటే సరిపోతుందని మా మాట. ఆవిడ ఇంకా తల ఊపలేదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారని తెలుసు. "రేపు అందరూ మనసు బాగోలేదని ఎగ్గొడితే?" అని పొద్దున్న బస్సులోనే ఒక వదిన అడిగింది. జ్వరం అని ఎగ్గొట్టేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు వదినా, అందుకని జ్వరమే లేదంటామా? పైగా మన ఊళ్ళలో మనసు బాగోలేదని అబద్ధం చెప్పి పేరు పాడుచేసుకునే ధైర్యం ఎవరికుంది? ఉన్నది దాచేవాళ్ళే గానీ లేనిది చెప్పేవాళ్ళు మాకు ఇంతవరకు కనబడలేదు.

గదికి సంబంధించి చిన్న చిన్నవి. ఫ్యాను తిరగడం లేదు, బాగుచేయించాలి. తాళంచెవి ఇంకొకటి కావాలి, వీవోఏ గారు ఊళ్ళో లేకపోతే బయట నిలబడవలసి వస్తోంది. నలుగురు చూసే చోట నిలబడటం వచ్చినవాళ్ళకి ఇబ్బంది. వెనక వైపు నుంచి గుమ్మం తెరిస్తే ఇంకా మంచిది. కొత్తగా మాతో కూర్చోవాలనుకునేవాళ్ళు, అంటే తమకో తమ ఇంట్లోవాళ్ళకో జబ్బు వచ్చి ఈ దారి తెలిసినవాళ్ళు, శిక్షణకి పేరు ఇవ్వండి. పుస్తకం బయట మంచినీళ్ళ బల్ల పక్కన పెట్టాము. అందరి ముందూ రాయడం ఇష్టం లేకపోతే మీ వీవోఏతో చెప్పినా సరే, గురువారం నేరుగా వచ్చినా సరే.

భోజనాల తర్వాత తీర్మానం ఓటుకి పెడతారు. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరికి ఓటు ఉంది. బస్సు టైము అయిందని మధ్యలో వెళ్ళిపోవద్దు.